కొండల చల్లదనము - కొండవారి పాలు

వేసవి సమీపించిన దనగానే పట్టణవాసుల చూపు కొండలవైపు మరలును. బడంగ్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతముల కుటుంబములు బడులకు సెలవు లియ్యకమునుపే ఊటీకో, కొడైకెనాలుకో టిక్కెట్లు కొని యుంచుకొనుచున్నవి. అంతదూరము పోజాలనివారు వికారాబాదు చెంతనున్న అనంతగిరి యడవికి ఒక్కదినము పోయి వచ్చుచున్నారు. కార్తికము మొదలు సంక్రాంతి వరకు ఈ ప్రవాహమే అరకులోయకు మరలుచున్నది. ఈ విహారమును మేము తప్పు పట్టుట లేదు. ఏడాది పొడుగున ఉక్కలో శ్రమించినవాడు నాలుగుదినములు చల్లగాలి కోరుట నేరము కాదు. కాని కొండ కెవరు పోవుచున్నారు, వారు అచ్చట వెచ్చించిన సొమ్ము ఎవరి చేతిలో నిలుచుచున్నది, ఆ కొండ నేల ముందుముందు ఎవరిదగును? ఈ ప్రశ్నలు అడుగువారు మిక్కిలి తక్కువగా నున్నారు.

వేసవికి కొండ యెక్కుట మనకు తెల్లదొరలు నేర్పిన మర్యాద. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ నీలగిరులెక్కి, తోడవారు పశువులను మేపుకొను పచ్చికబయళ్లలో ఉదకమండలమునకు పునాది వేసెను. పిమ్మట చెన్నపట్టణపు ప్రభుత్వమంతయు వేసవిలో కాగితపు కట్టలతోసహా అచ్చటికే తరలుచుండెను. క్రింద బందరులోను, బెజవాడలోను జనము మాడుచుండగా వారి మొరలు పైన చలిమంటల చెంత తీరికగా చదువబడుచుండెను. 1921లో సిమ్లాను జూచి వచ్చిన గాంధీ మహాత్ముడు, ఇది అయిదువందలవ అంతస్తునుండి సాగు పరిపాలన యని వ్రాసెను. మన సీమలో మాత్ర మేమి జరిగినది? మదనపల్లె చెంత ఏనుగు మల్లమ్మ కొండ కలదు. కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ అను దొర 19వ శతాబ్దిలో ఆ కొండపై వేసవి యిల్లు కట్టుకొనెను. మల్లమ్మ పేరు క్రమముగా మరుగుపడినది, హార్స్లీ కొండ యనుపేరు నిలిచినది. దొర పోయి ముక్కాలు శతాబ్దమునకు మించినను, ప్రభుత్వపు విడిదులకు సయితము నేటికి ఆపేరే!

ఇప్పుడు కొండ యెక్కువారు దొరలు కారు, జమీందారులును కారు. జీతగాండ్రు, వర్తకులు, కంప్యూటరు ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు. ఇది మంచి మార్పే. అరకు విషయమున మరియొక విశేషము కలదు. ఊటీకి వేసవి ముఖ్యము. అరకునకు శీతకాలము ముఖ్యము. వలిసె పూలు పసుపువన్నెగా విచ్చునప్పుడు, లంబసింగిలోను వంజంగిలోను తెల్లవారుజామున మంచు క్రమ్మునప్పుడు విశాఖ, రాజమహేంద్రవరము, హైదరాబాదుల జనము తండోపతండములుగా వచ్చును. దుర్గాపూజ సెలవులకు వంగదేశీయులు వత్తురు. 2017లో కిరండూలు మార్గపు రైలునకు అద్దపు పెట్టె తగిలించినది మొదలు రైలుప్రయాణమే ఒక విహారమైనది. ఎండకు వెరచి పోవువాడు కొండమీద నాలుగునాళ్లు నిలుచును. మంచును చూడబోవువాడు శనివారము వచ్చి, సోమవారమునకు తన కచేరీలో నుండును. వాని కాలము తక్కువ, తొందర యెక్కువ. కారు, విడిది, బొంగు చికెన్, రాత్రి థింసా నృత్యము, మరునాడు బొర్రాగుహలు, తిరుగుప్రయాణము. థింసా ఆడిన స్త్రీ ఏ గూడెమునుండి నడచివచ్చినదో వాడెరుగడు. వంజంగి మేఘముల చెంతకు కార్లు పోవుచున్నవి. అదే మన్యములో దారి లేని గూడెములనుండి గర్భిణులను డోలీ కట్టి మోసికొనివచ్చిన వార్తలు ఇంకను కనబడుచునే యున్నవి.

కొండవారి నేల కొంతయైనను వారి చేతిలో మిగిలియున్నదన్న, దానికి ముఖ్యమైన రక్షణ చట్టమే. షాహుకార్ల దోపిడికి వెరచి తెల్లప్రభుత్వమే 1917లో ఏజన్సీ భూముల బదలాయింపునకు అడ్డుకట్ట వేసినది. స్వరాజ్యము వచ్చిన తరువాత 1959లో ఒక రెగ్యులేషను వచ్చినది. 1970లో దానిని సవరించిరి. జనులు 1/70 అని పిలుచునది ఈ సవరణనే. దీని ప్రకారము షెడ్యూలు ప్రాంతములో గిరిజనేతరునకు ఎవరు భూమి నిచ్చినను అది చెల్లదు. గిరిజనేతరుని స్వాధీనమందున్న భూమి, వేరుగా రుజువగువరకు, గిరిజనునివలన వచ్చినదనియే భావింపవలెను. న్యాయవాదవృత్తిలో నున్నవారికి ఈ రెండవ నిబంధన విలువ బాగుగా తెలియును. పత్రములు పుట్టించుట ధనికునకు సులభము, కావున రుజువు భారము నతనిపై నుంచిరి.

ఇట్టి చట్టము విహారవ్యాపారమునకు అడ్డమని కొందరి వాదము. 2025 సంవత్సరాదిని విశాఖలో జరిగిన పర్యాటక సభలో ఒక ఉన్నతపదవిలోని నాయకుడు 1/70ని సడలింపవలెనను అభిప్రాయము వెలిబుచ్చెను. ఫిబ్రవరి 11, 12 తేదీలలో మన్యమంతట బంద్ జరిగినది. చట్టమును మార్చమని ముఖ్యమంత్రి మాట యియ్యవలసివచ్చినది. ఆ రెండుదినములు గిరిజనులు వెరచినది యాత్రికులకు కాదు, యాత్రికుల పేరు చెప్పికొని రాబోవు కొనుగోలుదారులకు. ఆ వెరపు వట్టిదని బడంగ్‌పేట వాసులమైన మనము చెప్పగలమా? మన యిండ్లున్నచోట మొన్నమొన్నటివరకు పొలములుండెను. తొలుత చౌకగా అమ్ముకొన్న రైతు తన చేని పేరిట వెలసిన కాలనీలో కాపలావాడుగా కుదిరిన కథలు ఇచ్చట ఎన్ని వినలేదు! మనవద్ద అంగడి నియమముతప్ప వేరు అడ్డు లేకపోయెను. అరకులో అడ్డున్నది. బినామీ పేర్లతోను, కౌళ్ల ముసుగులోను దానిని దాటువారు లేకపోలేదు. దానికి మందు చట్టమును గట్టిగా నడపుటయేగాని తీసివేయుట కాదు.

అయితే వచ్చిన సొమ్ము మాటయేమి? ఇందుకును బొర్రా ప్రాంతమే దారి చూపినది. ఆ పరిసరగ్రామముల భూములను గనులకు కౌలిచ్చుటపై సమత అను సంస్థ నడపిన వ్యాజ్యములో 1997 జూలై 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ప్రభుత్వముకూడ చట్టరీత్యా వ్యక్తియే, షెడ్యూలు ప్రాంతపు భూమిని అది గిరిజనేతరులకు కౌలియ్యరాదు అనిరి. అంతేకాదు, నికరలాభములో కనీసము 20 శాతము ఆ ప్రాంతపు నీటివసతికి, బడులకు, ఆసుపత్రులకు, రాకపోకలకు శాశ్వతనిధిగా నుంచవలెననియు పలికిరి. గనులనుగూర్చి పలికిన యీ న్యాయము గుహలకేల చెల్లరాదు? కొండ త్రవ్వి తీసిన రాతికి పాలున్నప్పుడు, కొండను చూపి తీసిన టిక్కెట్టునకు పాలు లేదనుట ఏ తర్కము? అరటిగెల, మిరియము, కాఫీ అమ్ముకొను స్త్రీకి దారిప్రక్కన నాలుగడుగుల నీడ దొరకుటయే మహాభాగ్యముగా నేడు లెక్కింపబడుచున్నది.

యాత్రికుల సంఖ్యనుగూర్చియు ఒక మాట. కొండకు భరించు శక్తికి మేర కలదు. ఊటీ, కొడైకెనాలులకు పోవు బండ్లకు మద్రాసు హైకోర్టు ఆజ్ఞపై 2024 మే 7 నుండి అనుమతిచీటి విధించిరి. 2025 వేసవిలో నీలగిరికి పనిదినములలో 6000, వారాంతములలో 8000 బండ్లకు మించరాదనిరి. 2024 ఏప్రిలు చివర ఊటీలోనే 29 డిగ్రీల వేడి నమోదైనదన్నచో, మనము చల్లదనమునకై పరుగెత్తు చోటుకూడ ఎట్లు మారుచున్నదో ఊహింపవచ్చును. కాని తమిళదేశములో సంఖ్య కట్టినది న్యాయస్థానము. మన్యములో ఆ పని చేయవలసినది గ్రామసభలు. 1996లో వచ్చిన పెసా చట్టము వానికి తమ వనరులను కాపాడుకొను అధికారము నిచ్చియున్నది.

కావున మేము కోరునది ఇది. వచ్చు కార్తికమునకు మునుపు ప్రభుత్వ పర్యాటక సంస్థ బొర్రా, అరకు, లంబసింగి రాబడి లెక్కలను తెలుగున వ్రాయించి, ఆయా గ్రామసభలలో చదివి వినిపింపవలెను. వచ్చిన యాత్రికు లెందరు, టిక్కెట్టు సొమ్మెంత, విడిదులలో పని దొరకిన గిరిజను లెందరు, ఆ లాభములో స్థానికనిధికి చేరిన దెంత అను నాలుగు అంకెలైనను అందులో నుండవలెను. ఆ లెక్కల ప్రతి ఒకటి హైదరాబాదు పఠనమందిరములకును పంపినచో, ఆ సొమ్ములో హెచ్చుభాగము వెచ్చించువారికికూడ అది యెచ్చటికి పోయినదో తెలియును.