పేద బిడ్డ పరీక్ష – మన బాధ్యత

పరీక్ష అనగానే మన ఇండ్లలో వినవచ్చే మాట ఒక్కటే – “చదువుకో”. ఏమి చదవవలెనో, ఎట్లు చదవవలెనో చెప్పగలవారు మాత్రము అరుదు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని మేము అనము. తాము ఎన్నడూ వ్రాయని పరీక్షకు బిడ్డను ఎట్లు సిద్ధము చేయవలెనో వారికి తెలియదు. ఆ లోటును తీర్చగలవారు కళాశాలలో చదువుకొంటున్న మనమేనని మా విశ్వాసము.

ఉదాహరణకు, ఎనిమిదవ తరగతి పిల్లలకు నిర్వహించే జాతీయ ఉపకారవేతన పరీక్షను, అనగా ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్షను తీసుకొందాము. ఈ పథకమును కేంద్ర ప్రభుత్వము 2008లో ప్రారంభించినది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులు ఇందుకు అర్హులు. కుటుంబ వార్షికాదాయము 3,50,000 రూపాయలకు మించరాదు. వసతి, భోజనము ప్రభుత్వమే కల్పించే గురుకులముల వారికి అర్హత లేదు. ఎంపికైన వారికి తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు ఏటా 12,000 రూపాయలు లభించును.

నెలకు వెయ్యి రూపాయలు కలిగినవారికి స్వల్పము. కాని ఎనిమిదవ తరగతి ముగియగానే కొడుకును మెకానిక్ దుకాణములో చేర్చుదమా, కూతురును బడి మాన్పించి కుట్టుపనిలో పెట్టుదమా అని ఆలోచించే ఇంటిలో ఆ వెయ్యి రూపాయలే చదువును నిలబెట్టగలవు. అందుచేత ఈ పరీక్షను చిన్నదిగా చూడరాదు.

పరీక్షలో రెండు భాగములు. మానసిక సామర్థ్యమునకు 90 ప్రశ్నలు, గణిత, సామాన్య, సాంఘిక శాస్త్రములకు 90 ప్రశ్నలు. ఒక్కొక్క భాగమునకు 90 నిమిషములు, అనగా ప్రశ్నకు ఒక్క నిమిషమే. “2, 6, 12, 20 – తరువాతి సంఖ్య ఏది?” అన్న ప్రశ్నను తొలిసారి చూచిన బాలుడు తికమకపడును. సంఖ్యల నడుమ భేదము 4, 6, 8గా పెరుగుచున్నదని ఒక్కమారు చూపినచో, 30 అని తానే చెప్పును. వాని తెలివి ముందునుండి ఉన్నదే. ప్రశ్న రూపమే కొత్తది.

మన పిల్లలకు భాష మరియొక చిక్కు. ఇంటిలో దక్కనీ, బడిలో ఉర్దూ లేక తెలుగు, అంగడిలో దొరికే గైడు ఇంగ్లీషు. ఉర్దూ బడిలో ‘ముసల్లస్’గా నేర్చినదే తెలుగు పుస్తకములో త్రిభుజము, ‘కసర్’ అన్నదే భిన్నము, ‘జియాయీ తాలీఫ్’ అన్నదే కిరణజన్య సంయోగక్రియ. విషయము తెలిసి, మాట తెలియక తప్పు గుర్తించిన బిడ్డను మందబుద్ధి అనుట అన్యాయము. ఏ మాధ్యమములో పరీక్ష వ్రాయనున్నారో ఆ మాధ్యమపు పాత ప్రశ్నపత్రములతోనే సాధన చేయించవలెను.

సాధనకు ఒక క్రమము ఉండవలెను. మొదట గడియారము లేకుండ, తరువాత గడియారము పెట్టి వ్రాయించవలెను. మార్కులు లెక్కించి ఊరకుండక, ప్రతి తప్పునకు కారణము వెదకవలెను. పాఠము రాలేదా, ప్రశ్నను సరిగా చదువలేదా, తొందరలో ఓ.ఎం.ఆర్. పత్రముపై ప్రక్క వృత్తమును నింపినాడా? ఒక్కొక్క దానికి మందు వేరు.

చదువురాని తల్లి సైతము ఇందులో సహాయపడగలదు. ఆ గంటన్నర సేపు బిడ్డకు పని చెప్పకుండుట, టీ.వీ. కట్టివేయుట, వేళకు నిద్రపుచ్చుట ఆమె చేతిలోని పనులే. “ఈ దినము ఏమి నేర్చితివో నాకు చెప్పు” అని అడుగుట అన్నింటికన్న మేలు. తల్లికి అర్థమగునట్లు చెప్పగలిగిన బిడ్డకు ఆ పాఠము వచ్చినట్లే.

ఇట్టి పరీక్షలు పసివారిని బట్టీయంత్రములుగా మార్చునని కొందరి ఆక్షేపణ. అందులో సత్యము లేకపోలేదు. దినమంతయు గైడు చదివించుట, ప్రక్కింటి పిల్లవానితో పోల్చుట మేమును నిరసింతుము. పైగా ఉపకారవేతనముల సంఖ్య పరిమితము; బాగుగా వ్రాసిన వారందరికిని అవి రావు. రాని బిడ్డను నిందించరాదు. నేర్చిన ఆలోచనా పద్ధతి పదవ తరగతి పరీక్షలోను తోడుండును.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము: ఆదివారము ఉదయము ఒక తరగతి గదిని పరిసర పాఠశాలల పిల్లలకు తెరచి ఉంచండి. ఉర్దూ, తెలుగు పాత ప్రశ్నపత్రములను గ్రంథాలయములో సేకరించి ఉంచండి. ఆదాయ ధ్రువపత్రము, దరఖాస్తు విషయములలో తల్లిదండ్రులకు దారి చూపే వారినొకరిని నియమించండి. సోదర విద్యార్థులారా, ఉర్దూ తెలిసినవారు, తెలుగు తెలిసినవారు జంటగా కూర్చుండి బోధింతము. వారమునకు రెండు గంటలు మనకు భారము కావు. ఆ రెండు గంటల వలన ఒక్క బాలిక బడి మానకుండ నిలిచినను మన చదువు సార్థకమగును.