రక్తహీనతే కదా అనుకుంటే...

బనగానపల్లె అనగానే మామిడి గుర్తొస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కించుకున్న పండది. ఆ తోటల రైతుకు ఓ సంగతి బాగా తెలుసు. అంటు కడితే తల్లిచెట్టు కాయే కాస్తుంది. టెంక నాటితే మాత్రం ఏ కాయ కాస్తుందో ముందే చెప్పలేం. మనుషులు టెంక మొక్కల్లాంటివాళ్లే! అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం జన్యువులతో పుడతారు. ఆ సగాల్లో ఏ లోపం దాక్కుందో పైకి కనపడదు.

ఆ ఊళ్లోనే ఓ ఇల్లు ఊహించుకుందాం. ఏడేళ్ల పాప. ఈడు పిల్లలకంటే పొట్టి. మొహం పాలిపోయింది. దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు. రక్తం తక్కువని ఐరన్ టానిక్కు పట్టిస్తారు. గుణం కనిపించదు. ఓ చేతి బొటనవేలు చిన్నది. 'పుట్టుకతోనే అంతలే' అని ఊరుకుంటారు. అమ్మానాన్నలది మేనరికం. మేనమామే మొగుడు. దేనికది వేరే సంగతిలా ఉన్నా అన్నీ కలిపి చూసిన డాక్టరుకు ఓ పేరు తట్టాలి... ఫాంకోని ఎనీమియా!

స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గైడో ఫాంకోని 1927లో ముగ్గురు అన్నదమ్ముల్లో దీన్ని గుర్తించాడు. చాలా అరుదైన జబ్బు. దీని ఎక్కువ రకాల్లో లోపమున్న జన్యువు ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. పాపకు నానమ్మ అయిన ఆవిడే పాప తల్లికి అమ్మమ్మ కదా! ఆవిడలోని ఒక్క లోపం అటు కొడుక్కీ, ఇటు కూతురి మీదుగా మనవరాలికీ చేరొచ్చు. ఇద్దరిలోనూ అది ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ముప్పు.

విరిగే క్రోమోజోములు

మన కణాల్లో డీఎన్ఏ రెండు పోగులుగా ఉంటుంది. అప్పుడప్పుడూ ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతుంటాయి. వాటిని విడదీసి బాగుచేసే పని 20కి పైగా జన్యువులది. వాటిలో ఒకటి చెడినా మరమ్మతు ఆగిపోతుంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములు విరుగుతాయి. రక్తాన్ని తయారుచేసే మూలుగ క్రమంగా ఎండిపోతుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాతే. 754 మంది రోగుల వివరాలతో 2003లో వెలువడిన అధ్యయనం ప్రకారం 40 ఏళ్లు వచ్చేలోపు రక్తక్యాన్సర్లు, వాటికి ముందుదశ జబ్బులు వచ్చే అవకాశం 33 శాతం. అవి చడీచప్పుడు లేకుండా రావు. మూలుగ కణాల్లో ఒకటో క్రోమోజోము ముక్క అదనంగా చేరుతుంది. మూడోదాని ముక్క పెరుగుతుంది. ఏడోది పూర్తిగానో, సగమో మాయమవుతుంది. చివరి రెండూ గట్టి హెచ్చరికలు.

ఒకటో క్రోమోజోము ముక్కతో కణానికేం లాభం? ప్యారిస్ పరిశోధకులు 2023లో దీన్ని విడమర్చారు. దెబ్బతిన్న కణాన్ని ఆపేసే కాపలాదారు మనలో ఉంది. దాని పేరు పి53. దాన్ని అణిచే ఎండీఎం4 జన్యువు ఉండేది ఆ ముక్కలోనే. అది అదనంగా చేరితే కాపలా సడలుతుంది. చావాల్సిన కణం బతికిపోతుంది, పెరుగుతుంది. అందుకే ఈ పిల్లలకు ఏడాదికోసారైనా మూలుగ తీసి క్రోమోజోములు చూడమంటారు. మార్పు ముందే పట్టుకుంటే క్యాన్సర్ ముదరకముందే మూలుగ మార్పిడి చేయొచ్చు.

మందే విషమైతే...

ఈ జబ్బుందని తెలియకుండా మామూలు మోతాదులో కీమోథెరపీ ఇస్తే? ప్రాణాలకే ముప్పు! కీమోలో వాడే కొన్ని మందులు డీఎన్ఏ పోగుల్ని అతికించే పనిచేస్తాయి. వీళ్ల కణాలు తట్టుకోలేనిది సరిగ్గా దాన్నే. మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే మందుల్ని కూడా బాగా తగ్గించి ఇవ్వాలి. అందుకే ముందు పరీక్ష, తర్వాతే మందు. రక్తకణాలకు మైటోమైసిన్-సి లాంటి మందు కలిపి క్రోమోజోములు ఎంతగా విరుగుతున్నాయో లెక్కపెడతారు. రాయలసీమ జనానికి అలవాటైన వేలూరు సీఎంసీలో ఈ పరీక్ష ఉంది. అక్కడ మూలుగ మార్పిడులు 1986 నుంచీ జరుగుతున్నాయి.

మూలుగ మార్పిడి కూడా ఓ రకంగా అంటు కట్టడమే. అన్నో చెల్లో దానమిస్తే మేలు. కానీ పైకి ఆరోగ్యంగా కనిపించే ఆ బిడ్డకూ ఇదే జబ్బుండొచ్చు! వాళ్లకూ పరీక్ష తప్పనిసరి. ప్రపంచంలో తొలి బొడ్డుతాడు రక్త మార్పిడి 1988లో ప్యారిస్‌లో జరిగింది ఈ జబ్బున్న బాలుడికే. రక్తమిచ్చింది అప్పుడే పుట్టిన చెల్లెలు. ఆమెకు జబ్బు లేదని కడుపులో ఉండగానే తేల్చుకున్నారు.

మార్పిడితో రక్తం బాగుపడినా నోరు, గొంతు క్యాన్సర్ల భయం మిగిలే ఉంటుంది. గుట్కా, పొగాకు జోలికి జన్మలో వెళ్లకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి చుట్టాల మధ్యే. వాళ్లలో అత్యధికుల పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారు. ఇది ఎవరినీ తప్పుపట్టే మాట కాదు. కాకపోతే టానిక్కుకు లొంగని రక్తహీనత ఉన్న బిడ్డను తీసుకెళ్లినప్పుడు, డాక్టరు అడగకపోయినా మేనరికం సంగతి చెప్పండి. బిడ్డ బొటనవేలు చూపించండి. ఇంట్లో ఇంకెవరైనా చిన్నవయసులోనే రక్తం జబ్బుతో పోయారా? అదీ దాచకండి.