ఆగిన నిమిషాలు ఎవరి ఖాతాలోకి?

మావారి చేతివాచీ లెక్కలో పొద్దుటి పరుగు 50 నిమిషాలే. ఇంటి గడియారం లెక్కలో 80! సిగ్నల్ దగ్గరా, టీకొట్టు దగ్గరా ఆగిన సమయాన్ని ఆటో పాజ్ మింగేస్తుంది. పోనీ, దూరమైనా నికరమా? కదలకుండా నిలబడ్డా జీపీఎస్ చూపే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ జరుగుతుంటుంది. పాజ్ పడకపోతే ఆ తడబాటునీ వాచీ దూరంలో కలిపేయగలదు. మారథాన్‌లో నీళ్ల కోసం ఆగినా పోటీ గడియారం ఆగదు. మరి ఇంటికెందుకండీ ఈ తగ్గింపు లెక్క? ఆ అరగంటలో పిల్లల డబ్బాలు సర్ది, బడి బస్సెక్కించింది నేనే కదా! వేగం చూసుకోవడానికి వాచీని నమ్ముకోండి, కాదనను. ఎంతసేపు వెళ్లారంటే మాత్రం గుమ్మం దాటినప్పటి నుంచీ లెక్క చెప్పాల్సిందే.