చిన్న రివాల్వర్ "ఆడవాళ్ల తుపాకీ" కాదు మహాప్రభో!

ముందే చెప్పేస్తున్నా, ఇది తుపాకులు మంచివా చెడ్డవా అనే గొడవ కాదు. దాన్ని అమెరికావాళ్లే తేల్చుకోలేక చస్తున్నారు, మధ్యలో మనమెంత? ఇది ఇప్పటికే కొనేసినవాళ్ల కోసం, రేపో మాపో కొనబోయేవాళ్ల కోసం.

ఎక్కడైనా మనవాళ్లింట్లో బంగారం కోసం దొంగలు పడ్డారని తెలిస్తే చాలు, ఇక్కడ డాలస్‌లో ప్రతి పాట్‌లక్కులోనూ పులిహోర ప్లేట్లు పట్టుకుని తుపాకుల చర్చ మొదలెడతాం. పైగా టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండి చట్టప్రకారం అభ్యంతరం లేనివాళ్లు లైసెన్సు లేకుండానే చేతితుపాకీ దాచిపెట్టుకుని తిరగొచ్చాయె. (మధ్యలో ఒక పిడకల వేట: హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకి, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం. రాష్ట్ర చట్టం ఏమన్నా సరే. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగండి బాబూ.)

కార్డు వచ్చాక నేనూ కొనడానికి వెళ్లా. కౌంటర్ వెనకున్న పెద్దమనిషి నన్నోసారి, మా ఆవిడనోసారి చూసి, అల్యూమినియం ఫ్రేము ఉన్న బుల్లి రివాల్వర్ ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "చాలా సింపుల్. గురి చూడ్డం, నొక్కడం, అంతే. లేడీస్‌కి పర్ఫెక్ట్" అన్నాడు. తేలిగ్గా, ముద్దొస్తోంది కూడా. కొనేశాం.

ఆ శనివారం రేంజికి వెళ్లాం. ఏడు గజాల దూరంలో కాగితం మీద మనిషి బొమ్మ. ఐదు తూటాలకి రెండే తగిలాయి, మా ఆవిడ అరచెయ్యి కందిపోయింది. "ఇంక నావల్ల కాదు" అని పక్కన పెట్టేసింది. అప్పుడు నేను వీరావేశంతో అందుకున్నా. నాకు మూడు తగిలాయి. మగాడిగా పుట్టినందుకు ఒకటి ఎక్కువన్నమాట!

లోపం మాలో కొంత ఉంది, కాదనను. కానీ లెక్క చూడండి. స్మిత్ అండ్ వెస్సన్ 642 లాంటి తేలిక రివాల్వర్ బరువు పౌను లోపే. దాని ట్రిగ్గర్ చివరిదాకా లాగడానికి దాదాపు 12 పౌన్ల బలం కావాలి. పౌను బరువున్న వస్తువు మీద పన్నెండు పౌన్లు లాగుతూ అది కదలకుండా పట్టుకోవాలి! బ్యారెల్ రెండంగుళాలు కూడా ఉండదు, గురి చూసుకోడానికి పైన ఒక గాడి, ముందొక చిన్న మిట్ట. ఇక .38 స్పెషల్ తూటా పేలినప్పుడు వెనక్కొచ్చే తోపుని మింగడానికి తుపాకీకి బరువే లేదు. న్యూటన్ దగ్గర బేరాలు కుదరవు. స్టీలుది కొంటే తోపు తగ్గుతుంది, జేబు కిందికి జారుతుంది.

అలాగని ఇది పనికిమాలిన వస్తువని అనట్లేదు. స్మిత్ అండ్ వెస్సన్ 1950లో చీఫ్స్ స్పెషల్ అని ఈ ఐదు తూటాల సైజుని మొదలెట్టింది, అది ఇప్పటికీ బతికే ఉందంటే ఊరికే కాదు. గుండ్రటి ఆకారం వల్ల ప్యాంటు జేబులో తుపాకీలా కనపడదు. తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే చాలు, తర్వాతిది వస్తుంది. ఎవడైనా మీదపడి కలబడితే, ఆటోమేటిక్ స్లైడు అదిమిపడి పనిచెయ్యకపోవచ్చు, దీనికా బాధ లేదు. సుత్తి లోపలే ఉన్న మోడల్ అయితే కోటు జేబులోంచే కాల్చొచ్చు. అందుకే డిటెక్టివులు, పోలీసులు దీన్ని రెండో తుపాకీగా పెట్టుకునేవారు. రెండో తుపాకీగా, వేల తూటాలు కాల్చిన చేతుల్లో!

మన కౌంటర్ పెద్దమనిషి దాచింది ఇదే. వాడకం సింపులే, గురే కష్టం. కమాండ్ ఒక్కటే కదా అని ఫ్రెషర్‌కి ప్రొడక్షన్ సర్వర్ రూట్ పాస్‌వర్డ్ ఇస్తామా? 2018లో వచ్చిన సిగ్ పి365 లాంటివి దాదాపు ఇదే సైజులో పది తూటాల మ్యాగజైనుతో వస్తున్నాయి, ట్రిగ్గరూ తేలిక. దీంట్లో ఐదే, మళ్లీ నింపడం నత్తనడక.

ఈ తెలివి అమెరికా కొట్లకే సొంతం అనుకోకండి. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ "నిర్భీక్" అని .32 రివాల్వర్ దింపింది. అరకిలో బరువు, లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు ధర. తేలిగ్గా ఉంటే ఆడవాళ్లది, అదే లెక్క!

ఇంతకీ నాకెందుకింత మంట? ఆ రోజు గురి తప్పిన తూటాలు మా ఇద్దరివీ కలిపి ఐదు. రేంజిలో కాబట్టి వెనక మట్టిదిబ్బ ఆపింది. ఇంట్లో లోపలి గోడలు జిప్సం అట్టలు. తూటాకి అవి ఒక అడ్డా? మా పడగ్గది గోడకి అవతల మా పిల్లలు పడుకుంటారు. దొంగ సంగతి తర్వాత, ఆ ఐదూ ఎక్కడికి పోయేవో ఆలోచిస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకోటి, ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది కదా, పిల్లలు నొక్కలేరు అని సొరుగులో పడేసేవాళ్లున్నారు. రెండు బొటనవేళ్లు కలిపితే నొక్కగలరు. తాళం పెట్టె కొనలేనివాడు తుపాకీ కొనకూడదు.

ఆ రివాల్వర్ ఇంకా నా దగ్గరే ఉంది. నెలకి రెండుసార్లు రేంజికి వెళ్తున్నా. ఏడు గజాల్లో ఐదుకి ఐదు పడటానికి ఏడాది పట్టింది. మా ఆవిడ రేంజిలో అద్దెకి దొరికేవన్నీ తనే కాల్చి చూసుకుని, కాస్త బరువున్న 9 ఎంఎం ఎంచుకుంది. నాకంటే బాగా కాలుస్తోంది, ఈ మాట ఆవిడకి చెప్పకండి.

కాబట్టి అన్నల్లారా, వదినకి పుట్టినరోజు కానుకగా బుల్లి రివాల్వర్ కొనే ఆలోచనుంటే మానెయ్యండి. ఎంచుకోవాల్సింది ఆవిడ, రేంజిలో, తన చేత్తో కాల్చి చూసి. నెలకి కనీసం యాభై తూటాలు కాల్చే ఓపిక లేదంటారా? ఆ డబ్బుతో మంచి తలుపు గొళ్లెం, బంగారానికి బ్యాంకు లాకరూ తీసుకోండి. వాటికి గురి తప్పే సమస్య లేదు.