డ్రిల్లు మాస్టరు చదువు

ప్లస్ టూ ఫలితములు వెలువడిన నాటినుండి మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ఏ సీటూ రాకపోతే డ్రిల్లు మాస్టరు చదువు ఉండనే ఉంది." ఆటలయం దాసక్తిగల పిల్లవాడు ఈ మాట విని తలవంచుకొనును. ఆడపిల్లకైనచో ఆ పాటి మాటయు దక్కదు.

చెన్నపట్టణమున తరతరములుగా కాపురమున్న మనకు నందనములోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల తెలియనిది కాదు. అమెరికానుండి వచ్చిన హారీ క్రో బక్ దొర దానిని 1920లో స్థాపించెను. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టునకు మేనేజరు ఆయనయే. ఇట్టి కళాశాల చెంతనుండియు, అందు నేర్పునది విజిలు ఊదుట యొక్కటే యని మనవారు తలంచుట వింతగా నున్నది.

అచ్చట శరీర నిర్మాణమును, శరీర ధర్మమును చదువవలయును. ఊరక కూర్చున్న మనిషి గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల నెత్తురును పంపును. గట్టిగా పరుగెత్తునపుడు అది 20 లీటర్ల వరకు పోవును. చక్కని సాధన గలవారిలో 30 దాటుటయు కలదు. అలవాటు లేని శరీరము ఎండకు తట్టుకొనుట నేర్చుటకు ఒకటి రెండు వారములు పట్టును. ఈ సంగతి యెరుగని ఉపాధ్యాయుడు వేసవి సెలవులు ముగిసిన మొదటి దినముననే పిల్లలను మైదానము చుట్టు పరుగెత్తించును; సొమ్మసిల్లి పడిన బిడ్డను చూచి, ఉదయము ఏమియు తినలేదా యని అడుగును. ఆ పడిన బిడ్డ మన బిడ్డయే కావచ్చును.

చదువు సులభమని మేము చెప్పము. మన యింటి తెలుగులో నరమనిన రక్తనాళమును అగును, నాడియు అగును; పిక్క కండరము బిగిసినను నరము పట్టినదనియే అందుము. కళాశాలలో ఈ మూడును వేరు. కావున ప్లస్ టూలో జీవశాస్త్రము చదివిన పిల్లలకు కొంత మేలు. ఆ పిమ్మట మూడేండ్ల పట్టపు చదువు కలదు. పాఠశాలలో బోధింప గోరువారు పట్టభద్రులైన పిదప బి.పి.ఎడ్. చేయవలయును, 2014 నాటి నిబంధనల ననుసరించి అది రెండేండ్లు. ఉద్యోగము చేతికి వచ్చి పడునని నమ్మబలుకుట మా యభిమతము కాదు. ఏ చదువునకు మాత్రము ఆ హామీ కలదు?

దరఖాస్తు పంపుటకు ముందు బిడ్డను వెంటబెట్టుకొని కళాశాలకు పోయి పాఠ్యప్రణాళిక నడుగుడు. మైదానమును చూచి మరలి రాక, ప్రయోగశాలను గూడ చూపుమని కోరుడు.