బోధిధర్ముడి కథ సరే, కాగితమేదీ?

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు గట్టును ఊరివాళ్లు ముద్దుగా మెరైన్ డ్రైవ్ అంటారు. అక్కడి నుంచి తూర్పుకు సాగే జాతీయ రహదారి ఆరంగ్ మీదుగా పోతుంది. మహానది దాటి ఎడమకు మళ్లితే సిర్‌పుర్ వస్తుంది. ఇటుకలతో కట్టిన లక్ష్మణాలయం, బౌద్ధ విహారాల శిథిలాలు అక్కడ చూడవచ్చు. చైనా వైద్యంతో, చైనా యుద్ధవిద్యలతో మనకున్న చుట్టరికం ఎంతో తేల్చుకోవాలంటే చైనాలోని షావొలిన్ మఠం దాకా పోనక్కర్లేదు. ఈ దారిలోనే మొదలుపెట్టవచ్చు.

చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ 639 ప్రాంతంలో కోసల రాజ్యానికి వచ్చాడు. అది నేటి ఛత్తీస్‌గఢ్ పరిధిలోని దక్షిణ కోసలమేనని చరిత్రకారులు గుర్తించారు. దాని రాజధాని సిర్‌పురేనన్నది కొందరి వాదన. ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడనీ, మందులు చేయడంలో దిట్ట అనీ హ్యుయాన్‌త్సాంగ్ రాసుకున్నాడు. ఆ మందు మహిమతో రాజు వందల ఏళ్లు బతికాడట. తండ్రి ఎంతకీ పోడు, గద్దె దక్కదు. విసిగిన రాకుమారుడు చివరికి నాగార్జునుడి తలనే దానంగా అడిగాడట. ఆచార్యుడి కాలం గడిచిన నాలుగు వందల ఏళ్లకు విన్న కథ అది, చరిత్రగా తీసుకోలేం. అయితే టాంగ్ వంశ కాలపు చైనాలో ఒక నేత్రవైద్య గ్రంథం నాగార్జునుడి పేరు మీదే చలామణి అయింది. దాన్ని రాసింది ఆయనే అని ఎవరూ రుజువు చేయలేదు. భారతీయ కంటివైద్యానికి అక్కడ ఉన్న గిరాకీ ఎంతటిదో మాత్రం ఆ పేరే చెబుతుంది.

ఇలాంటి సంబంధాలు జనం నోళ్లలో నానవు. నానేది బోధిధర్ముడి కథ. దక్షిణాది రాకుమారుడు చైనా వెళ్లి, షావొలిన్ మఠంలో బక్కచిక్కిన సన్యాసులను చూసి జాలిపడి, వ్యాయామం, యుద్ధవిద్య నేర్పాడన్నది దాని సారాంశం. 2011లో మురుగదాస్ తీసిన సూర్య సినిమా తెలుగులో ‘సెవెన్త్ సెన్స్’గా వచ్చాక ఈ కథకు మరింత ఊపొచ్చింది. కరాటే క్లాసుల గోడల మీద బోధిధర్ముడి బొమ్మ వెలిసింది. కుంగ్‌ఫూ మనవాడి చలవేనని చెప్పడానికి ఎవరూ రెండోసారి ఆలోచించడం లేదు.

ఆలోచించాలి. బోధిధర్ముడి ప్రస్తావన ఉన్న పాత గ్రంథాల్లో ఒకటి 547 నాటి లోయాంగ్ ఆలయాల వర్ణన. అందులో ఆయన పారశీకుడు. దక్షిణ భారత రాజు మూడో కొడుకు అన్నది శిష్యుడిగా పేరున్న టాన్‌లిన్ మాట. ఈ రెండు రచనల్లో ఏదీ ఆయన చేత గుద్దు వేయించలేదు, కర్ర కూడా పట్టించలేదు. షావొలిన్ సన్యాసులు యుద్ధంలో దిగిన మాట నిజమే. 621లో, తర్వాత టాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్‌కు వాళ్లు సాయపడ్డారు. మఠంలో 728లో నిలిపిన శిలాశాసనం ఆ సంగతి చెబుతోంది. యుద్ధవిద్య నేర్పిన గురువుగా బోధిధర్ముడిని మాత్రం చెప్పదు.

మరి ఆయనకు గురుపీఠం ఎప్పుడు దక్కింది? 1624 నాటి ‘యిజిన్ జింగ్’ అనే వ్యాయామ గ్రంథంతో. దాన్ని బోధిధర్ముడే రాశాడని అందులోని ముందుమాటలు చెబుతాయి. వాటిలో ఒకటి ఏడో శతాబ్దపు సేనాని లీ జింగ్ పేర, ఇంకొకటి పన్నెండో శతాబ్దపు సేనాని న్యూ గావ్ పేర ఉన్నాయి. లీ జింగ్‌కు ఆ పుస్తకం ఇచ్చింది ఒక గిరజాల గడ్డం వీరుడట. ఆ వీరుడు టాంగ్ కాలపు కథలోని కల్పిత పాత్ర! న్యూ గావ్ అయితే తనకు చదువు రాదని తన ముందుమాటలోనే చెప్పుకుంటాడు. పద్దెనిమిదో శతాబ్దంలోనే లింగ్ టింగ్‌కాన్ అనే చైనా పండితుడు ఇది కట్టుకథ అని ఎగతాళి చేశాడు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మెయిర్ షహర్ 2008లో తెచ్చిన షావొలిన్ చరిత్రలో ఈ వ్యవహారాన్నంతా విప్పి చూపాడు.

ఇందులో మనకు పోయింది ఏమీ లేదు. ‘యిజిన్ జింగ్’కు దాదాపు వెయ్యేళ్ల ముందే, 652 ప్రాంతంలో, వైద్యుడు సున్ సిమియావ్ తన చికిత్సా గ్రంథంలో భారతీయ మర్దన పద్ధతి అంటూ 18 భంగిమల వ్యాయామం చేర్చాడు. అది బ్రాహ్మణుల పద్ధతి అని కూడా రాశాడు. 659లో టాంగ్ ప్రభుత్వం తయారు చేయించిన ఔషధ గ్రంథంలో కరక్కాయ చేరింది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఈనాటికీ హర్రా పేరుతో ఏరి అమ్ముకునే కాయ అదే. 752లో వాంగ్ తావ్ సంకలనం చేసిన గ్రంథంలోని నేత్రవైద్య భాగం పడమటి దేశపు సన్యాసి నేర్పిన విద్యగా నమోదైంది. కంటిపొరను సూదితో పక్కకు నెట్టే చికిత్స అందులో ఉంది. ఆ చికిత్స అంతకుముందే మన సుశ్రుతసంహితలో ఉంది. సినిమాకు పనికొచ్చే కథలు కావివి. కాని వీటికి పేరుంది, ఏడుంది, పుస్తకముంది. దొంగ ముందుమాటల బోధిధర్ముడిని మోయడం కన్నా ఈ కరక్కాయ గురించి గొప్పగా చెప్పుకోవడం మేలు.

చైనాను ఈ విషయంలో మెచ్చుకోవాలి. అక్కడి వంశావళుల కట్టుకథలను మొదట బద్దలు కొట్టింది విదేశీయులు కారు. చైనా చరిత్రకారుడు టాంగ్ హావ్ 1930లో షావొలిన్, వూడాంగ్ యుద్ధవిద్యల పుట్టుపూర్వోత్తరాల మీద పుస్తకం వేశాడు. ఆ రెంటి మూలపురుషులుగా చెలామణి అయ్యే బోధిధర్ముడు, ఝాంగ్ సాన్‌ఫెంగ్‌ల కథలకు ఆధారాలు లేవని తేల్చాడు. తాయ్‌చీ మూలాల కోసం హెనాన్ రాష్ట్రంలోని చెన్ గ్రామానికి వెళ్లి వంశ పత్రాలు తిరగేశాడు. పదిహేడో శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్ దగ్గర ఆగాడు. ఇప్పుడు పార్కుల్లో ఎక్కువగా కనిపించే 24 భంగిమల తాయ్‌చీ ఇంకా కొత్తది. అక్కడి క్రీడాశాఖ 1956లో కూర్పు చేయించింది. వయసు తగ్గినంత మాత్రాన చేసేవాళ్ల సంఖ్య తగ్గలేదు. 2020లో తాయ్‌చీని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

మందుల దగ్గరా అంతే. మలేరియాకు మందు వెతికే 523 ప్రాజెక్టు 1967లో మొదలైంది. అందులో పనిచేసిన టు యూయూ పాత గ్రంథాలు గాలించి, నాలుగో శతాబ్దపు గె హాంగ్ రాసిన ఒక చిట్కా దగ్గర ఆగింది. చింగ్‌హావ్ ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి తాగమన్నాడాయన. కాచమనలేదు. వేడికి గుణం చెడుతుందేమోనని ఆమె తక్కువ ఉష్ణోగ్రతలో మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971లో అది ఎలుకల్లో నూటికి నూరు పాళ్లు పనిచేసింది. ఆర్టెమిసినిన్ ఆ దారిలో వచ్చింది, 2015లో నోబెల్ తెచ్చింది. ఆ మూలికను ఎన్ని తరాలు నమ్మినా ప్రయోగశాల గడప దాటకపోతే లక్షల ప్రాణాలు నిలబెట్టేది కాదు. అదే దేశంలో 1902 నాటి యున్నాన్ బాయ్‌యావ్ సూత్రం ఇప్పటికీ ప్రభుత్వ రహస్యం. విషగుణమున్న నాభి జాతి మూలిక అందులో ఉందని సీసా మీద వేయడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. రహస్యం ఖరీదు మందు మింగే రోగి కడతాడనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు బత్తిన వారు కొర్రమీను నోట పెట్టి ఇచ్చే ఆస్తమా మందుకు 1845 నాటి చరిత్ర చెబుతారు. వాళ్ల పూర్వీకుడు వీరన్న గౌడ్‌కు ఒక సాధువు ఉపదేశించాడంటారు. సూత్రం కుటుంబం దాటదు. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు శాస్త్రీయంగా నిరూపించమని నిలదీశాక ‘చేప మందు’ కాస్తా ‘చేప ప్రసాదం’ అయింది. ప్రసాదమన్నాక పరీక్ష అడిగేవాడు లేడు. పుత్తూరు దగ్గరి రాచపాళెంలో ఎముకలకు కట్టే పుత్తూరు కట్టుకూ ఒక పుట్టుక కథ ఉంది. వేటలో కొట్టిన కుందేలును ఆకుల్లో చుట్టి తెస్తే ఇంటికొచ్చేసరికి లేచి గెంతిందట. కథ ముచ్చటగానే ఉంది. కాని ఆ కట్టు ఏ విరుపుకు సరిపోతుంది, ఏ విరుపుకు చేటు చేస్తుందన్నది కుందేలు చెప్పదు. ఎక్స్‌రే చెప్పాలి. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడక అవయవమే పోయే ప్రమాదం ఉంటుంది. వందేళ్ల పేరున్న విద్యకు ఈ పరీక్ష అవమానం ఎలా అవుతుంది?

సాముగరిడీలది వేరే బాధ. వీటికి గొప్ప కథలూ లేవు, రాతా లేదు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు ఉత్తరాంధ్రలో ఇంటింటా తెలుసు. ఆయన్ను తయారు చేసిన తాలింఖానాల గురించి మాత్రం తెలిసింది తక్కువ. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయింది. ఆ దారిన శ్రీకాకుళం, విజయనగరం మనుషులు రాయ్‌పూర్ వచ్చారు. వాళ్ల వెంట పండగలు, వంటలు వచ్చాయి. కర్రసాము ఎంత వచ్చిందో, ఇక్కడి నాగపంచమి కుస్తీల అఖాడాలతో ఎలా కలిసిందో రాసి పెట్టుకుంటే ఈ ఊరి తెలుగువాళ్లకు అదొక చరిత్ర అవుతుంది.

రాసిన కాగితానికి ఎంత బలముందో పసుపు కేసు చూపింది. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. సీఎస్‌ఐఆర్ సంస్కృత గ్రంథాలు, పాత వైద్య వ్యాసాలు ముందు పెట్టి వాదించింది. 1997లో పేటెంటు రద్దయింది. మా అమ్మమ్మ వాడేదంటే అక్కడ ఎవరూ వినేవారు కాదు. ఆ అనుభవం నుంచే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాలు అందులో చేరాయి. గ్రంథమే లేని బస్తర్ గునియా, తెలుగు పల్లె నాటువైద్యుడు బయటే ఉండిపోయారు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం సంప్రదాయ జ్ఞానం వల్ల వచ్చే లాభంలో దాన్ని కాపాడిన సమాజానికి వాటా దక్కాలి. ఎవరి దగ్గర ఏ విద్య ఉందో నమోదు కాకపోతే ఆ వాటా ఎవరి చేతిలో పెడతారు?

అందుకే ఈ నమోదు పని తెలుగు సంఘాలూ, విశ్వవిద్యాలయాలూ కలిసి ఎత్తుకోవాలి. రాయ్‌పూర్‌లో రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. కర్రసాము గురువులను వీడియో తీయించండి. గురువు పేరు, ఆయన గురువు పేరు, ఊరు, నేర్చుకున్న ఏడు రాయించండి. తెలియని చోట ఖాళీ వదలండి, బోధిధర్ముడితో నింపకండి. మందు అయితే మూలిక పేరు, మోతాదు రాసి, వైద్యుడికి హక్కు దక్కేలా ఒప్పందం చేసి, పరీక్షకు పంపండి. సూత్రం చెప్పని మందును, ఎంత పాత ఇంటిదైనా, పిల్లల నోట్లో వేయకండి.