ఎవరి ఒంటికి ఏ యోగా?

ఏటా యోగా దినోత్సవమైన జూన్ 21న మైదానాల్లో వేలమంది ఒకేసారి ఒకే ఆసనం వేస్తారు. 2025లో విశాఖ సాగరతీరం అంతకు మించిన సందడినే చూసింది. జనాన్ని కదిలించడానికి అది మంచిదే. కానీ మోకాళ్లు అరిగిన పెద్దావిడకూ, ఇరవై ఏళ్ల కుర్రాడికీ ఒకే పాఠం పనికిరాదు.

మైసూరులో యోగా బోధించిన తిరుమలై కృష్ణమాచార్య దగ్గర నేర్చుకున్నవారే మూడు వేర్వేరు దారులు వేశారు. పట్టాభి జోయిస్ అష్టాంగ విన్యాసంలో ఊపిరితో కలిసి ఆసనాలు ఆగకుండా సాగుతాయి. చెమట పడుతుంది, బలం పెరుగుతుంది. బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నతనమంతా జబ్బులతో నలిగిన మనిషి. అందుకేనేమో, బలహీనమైన ఒంటిని ఆయన మరిచిపోలేదు. చెక్క దిమ్మెలు, పట్టీలు, కుర్చీ, గోడ ఊతంగా ఇచ్చి, వంగలేనివారి చేత కూడా ఆసనాలు వేయించారు. కృష్ణమాచార్య కుమారుడు దేశికాచార్ చెన్నైలో ఒక్కొక్కరి వయసు, ఆరోగ్యం చూసి విడివిడిగా సాధన కూర్చారు.

దీర్ఘకాలిక నడుంనొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగినవాటిలో యోగాను అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చింది. అదే యోగాలోని శీర్షాసనం కంటిలో ఒత్తిడి పెంచుతుంది. గ్లకోమా ఉన్నవారికి అది ప్రమాదం. ఏది మానుకోవాలో చెప్పేవారే మనకు కరువు.

వేడుకలపై చూపే శ్రద్ధలో కొంతైనా ప్రభుత్వాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మళ్లించాలి. వారానికి రెండు రోజులైనా శిక్షణ పొందిన గురువు అక్కడ ఉండి, డాక్టరుతో మాట్లాడి, రోగికి తగిన సాధన నేర్పే ఏర్పాటు వెంటనే జరగాలి.